మైకు ముందు రెండు నిమిషాలు: అమెరికా రాష్ట్రాల చట్టసభల్లో మామూలు మనిషి మాట ఎంతదూరం పోతుంది?

క్లుప్తంగా: అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టసభల్లో ఒక బిల్లు కమిటీ ముందుకు హియరింగ్‌కు, అంటే బహిరంగ విచారణకు, వచ్చిందంటే మామూలు జనం వెళ్లి దాని మీద మాట్లాడొచ్చు. సాధారణంగా దొరికేది రెండు మూడు నిమిషాలు. మాట్లాడనిస్తారు గానీ, విని తీరాలన్న బాధ్యత సభ్యుల మీద లేదు. ఈ హియరింగుల వల్ల బిల్లు మొత్తానికే ఆగిపోవడం అరుదు, బిల్లులో మాటలు మారడం మాత్రం జరుగుతూనే ఉంటుంది. తెలుగు రాష్ట్రాల అసెంబ్లీల్లో ఇలాంటి ఏర్పాటు దాదాపు లేనట్టే. కరెంటు చార్జీల దగ్గర, ఫ్యాక్టరీల అనుమతుల దగ్గర మాత్రం ఇలాంటిదే ఒకటి ఎప్పటినుంచో నడుస్తోంది.

జనవరి వచ్చిందంటే చాలు, అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం మెసేజ్ తిరగడం మొదలవుతుంది. రేపు పొద్దున ఫలానా బిల్లు మీద హియరింగ్ ఉంది, ఈ లింకు నొక్కి "కాన్" (వ్యతిరేకం) అని పెట్టండి, ఒక్క నిమిషం పని, ఇంకో పది మందికి పంపండి. దాని కింద వచ్చే ప్రశ్నలు కూడా ప్రతి ఏడాదీ అవే. ఇది ఓటా? కోర్టు సాక్ష్యం లాంటిదా? హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు పేరు ఇస్తే రేపు స్టాంపింగ్‌లో ఏమైనా అంటారా? అసలు మనం నొక్కితే ఎవరు చూస్తారు?

చాలా రాష్ట్రాల చట్టసభలు జనవరిలో మొదలై కొద్ది నెలల్లో ముగిసిపోతాయి కాబట్టి ఈ గందరగోళం అంతా ఆ నాలుగైదు నెలల్లోనే పోగుపడుతుంది. టెక్సాస్ అయితే మరీను, మామూలు సమావేశాలు రెండేళ్లకోసారే, బేసి సంఖ్య సంవత్సరంలో, గరిష్ఠంగా 140 రోజులు. ఆ 140 రోజుల్లోకి 8 వేలకు పైగా బిల్లులు వచ్చి పడతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఏడాది 105 రోజులు, మరుసటి ఏడాది 60 రోజులు. ఇంత తక్కువ టైములో అన్ని బిల్లులు కదలాలంటే మనుషులకు ఇచ్చే టైము నిమిషాల్లోకి కుదించుకుపోక తప్పదు.

ఇది కోర్టు సాక్ష్యం కాదు

ఇలా కమిటీ ముందు మాట్లాడడాన్ని "టెస్టిమొనీ" అంటారు, ఆ మాటే సగం టెన్షన్‌కు కారణం. తెలుగులో సాక్ష్యం అనగానే బోను, ప్రమాణం, క్రాస్ ఎగ్జామినేషన్ గుర్తొస్తాయి. చట్టసభ కమిటీ దగ్గర జరిగేది అది కాదు. ఒక గదిలో కొంతమంది సభ్యులు గుర్రపు నాడా ఆకారంలో ఉన్న టేబుల్ చుట్టూ కూర్చుంటారు, ఎదురుగా ఒక చిన్న టేబుల్, మైకు. బిల్లు పెట్టిన సభ్యుడు ముందు దాని గురించి చెబుతాడు. ఆ తర్వాత పేర్లు ఇచ్చినవాళ్లను పిలుస్తారు. వచ్చినవాళ్లు బిల్లుకు అనుకూలమో, వ్యతిరేకమో, రెండూ కాదో చెప్పి, ఎందుకో చెప్పి వెళ్లిపోతారు. సభ్యులకు సందేహం ఉంటే ఒకటో రెండో ప్రశ్నలు వేస్తారు, చాలాసార్లు అవీ ఉండవు.

ప్రమాణం కూడా అన్ని చోట్లా ఉండదు. టెక్సాస్‌లో మాత్రం చెప్పేది నిజమేనని ధ్రువీకరించాలి. తెలిసి అబద్ధం చెప్పకూడదనేది ఎక్కడైనా ఉన్నదే, అయితే "ఈ బిల్లు వస్తే మా ఇంటి పరిస్థితి ఇదవుతుంది" అని చెప్పుకున్నందుకు ఎవరూ ఎవరినీ ఇరకాటంలో పెట్టరు.

ఇంకో తికమక ఏ సభ దేనికి అన్నది. వీసాలు, గ్రీన్‌కార్డుల వెయిటింగ్, ఇమిగ్రేషన్ అంతా వాషింగ్టన్ డీసీలోని కేంద్ర ప్రభుత్వం పని. హెచ్‌-1బీ లాటరీ గురించి టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లోనో కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలోనో ఎంత బాగా మాట్లాడినా వాళ్ల చేతిలో ఏమీ లేదు. రాష్ట్రాల చేతిలో ఉన్నవి వేరే: స్కూళ్లు, యూనివర్సిటీ ఫీజుల్లో ఎవరు స్థానికులు అన్న లెక్క, డాక్టర్లకూ నర్సులకూ లైసెన్సులు, ఇళ్ల మీద పన్ను, అద్దె రూల్సు, డ్రైవింగ్ లైసెన్సు, సెలవులు. దీపావళిని అధికారిక సెలవు దినాల జాబితాలో చేర్చే చట్టాలు పెన్సిల్వేనియాలో 2024లో, కాలిఫోర్నియాలో 2025లో వచ్చాయంటే అవి రాష్ట్ర సభల నుంచి వచ్చినవే. నిజానికి రోజువారీ బతుకుకు దగ్గరగా ఉన్న చట్టాలు ఎక్కువగా తయారయ్యేది అక్కడే, టీవీల్లో కనబడేది మాత్రం డీసీ.

ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు

నెబ్రాస్కా నుంచి మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఈ విషయంలో అది అందరికంటే ఉదారం. అమెరికాలో ఒకే సభ ఉన్న రాష్ట్రం అదొక్కటే. 49 మంది సెనేటర్లు, అంతే. 1937 నుంచి అలాగే నడుస్తోంది. రెండో సభ లేదు కదా అంటే, మా రెండో సభ ప్రజలే అంటారు అక్కడివాళ్లు. అందుకే ప్రతి బిల్లుకూ పబ్లిక్ హియరింగ్ పెడతారు. ముందు అనుకూలం చెప్పేవాళ్లు, తర్వాత వ్యతిరేకులు, ఆ తర్వాత తటస్థులు, చివర్లో బిల్లు పెట్టిన సెనేటర్ మళ్లీ వచ్చి ముగిస్తారు. మాట్లాడేవాళ్లు ఆకుపచ్చ కాగితం ఒకటి నింపి గుమస్తాకు ఇవ్వాలి. టేబుల్ మీద ట్రాఫిక్ సిగ్నల్ లాంటి లైట్లు ఉంటాయి: పచ్చ అంటే మాట్లాడండి, పసుపు అంటే ముగించండి, ఎరుపు అంటే ఇక చాలు.

కుర్చీలో కూర్చోగానే మొదట చేయాల్సిన పని, పేరు చెప్పి దాన్ని అక్షరం అక్షరం స్పెల్లింగ్ చెప్పడం. మాటలన్నీ అక్షరాల్లోకి ఎక్కించి రికార్డులో దాస్తారు, అందుకని. జాన్ స్మిత్‌కు అది మూడు సెకన్ల పని. వెంకట సుబ్రహ్మణ్యేశ్వర రావు గారు ఎవరైనా వెళ్తే ఇంటిపేరు పూర్తయ్యేసరికే గది అంతా చిన్నగా నవ్వుతుంది, టైపు చేసే ఆవిడ తల పైకెత్తి మరోసారి చెప్పమంటుంది. ఆ కాసేపూ టెన్షన్ తగ్గించుకోవడానికి పనికొస్తుందనుకోవాలి.

టెక్సాస్ దీనికి పూర్తి వ్యతిరేకం కాదు గానీ, మనిషిని కష్టపెడుతుంది. మాట్లాడాలంటే ఆస్టిన్‌లోని కాపిటల్ భవనానికి స్వయంగా వెళ్లాలి. హౌస్ (దిగువ సభ) కమిటీకి పేరు నమోదు చేసుకోవడం కూడా ఆ భవనంలో పెట్టిన స్క్రీన్ల దగ్గరో, అక్కడి వైఫైతోనో చేయాలి. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉన్న కుటుంబానికి అది నాలుగు గంటల డ్రైవ్. హియరింగ్ ఉందన్న నోటీసు మామూలు సమావేశాల్లో హౌస్ 5 రోజుల ముందు ఇస్తుంది, సెనేట్‌లో (ఎగువ సభ) 24 గంటల ముందు ఇచ్చినా సరిపోతుంది. పొద్దున 8 గంటలకు పేరిస్తే పిలుపు మధ్యాహ్నం రావచ్చు, రాత్రి 11కు రావచ్చు, మధ్యలో సభ మొదలైతే కమిటీ లేచి వెళ్లిపోయి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఆఫీసుకు ఒక రోజు సెలవు, పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చే ఏర్పాటు, పార్కింగ్, ఇవన్నీ కలిపితే ఆ మూడు నిమిషాల ఖరీదు తక్కువేం కాదు. జీతం తీసుకుని, సభ్యులను తమవైపు తిప్పుకోవడానికి రోజూ అక్కడే తిరిగే లాబీయిస్టులకు ఈ ఖర్చు లేదు.

వాషింగ్టన్ రాష్ట్రం ఈ ఖర్చును దాదాపు సున్నా చేసింది. కొవిడ్ సమయంలో సభంతా ఆన్‌లైన్‌కు వెళ్లాక ఆ సౌకర్యాన్ని అలాగే ఉంచేశారు. సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఆఫీసు మీటింగ్ రూములో కూర్చుని రాష్ట్ర రాజధాని ఒలింపియాలోని కమిటీతో మాట్లాడొచ్చు. కాస్కేడ్ కొండలకు అవతల స్పోకేన్‌లో ఉన్నవాళ్లకు, అంటే దాదాపు 500 కిలోమీటర్లు మంచులో రావాల్సినవాళ్లకు, ఇది ఇంకా పెద్ద ఊరట. హియరింగ్‌కు గంట ముందు వరకు పేరు ఇవ్వొచ్చు. మాట్లాడడం ఇష్టం లేకపోతే రాసి పంపొచ్చు, దానికి హియరింగ్ మొదలైన టైము నుంచి ఇంకో 24 గంటలు గడువు ఉంటుంది. అదీ వద్దనుకుంటే "ప్రో" (అనుకూలం), "కాన్", "అదర్" (రెండూ కాదు) అని ఒక బటన్ నొక్కి వదిలేయొచ్చు. వాట్సాప్ మెసేజ్‌లలో తిరిగేది ఈ మూడోదే.

కాలిఫోర్నియాలో జనం ఎక్కువ, బిల్లులు ఎక్కువ, సభ్యులు ఫుల్‌టైమ్, కాబట్టి పద్ధతి ఇంకా బిగుతుగా ఉంటుంది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ముఖ్య సాక్షులు, తలా రెండు నిమిషాలు. మిగతావాళ్లంతా గోడ పక్కన లైన్లో నిలబడి, మైకు దగ్గరకు రాగానే పేరు, ఊరు లేదా సంస్థ, "సపోర్ట్" లేదా "అపోజ్" అని చెప్పి తప్పుకోవాలి. "ఎందుకంటే..." అని మొదలుపెడితే చైర్, అంటే కమిటీ అధ్యక్షులు, ఆపేస్తారు. ఆరు గంటలు బస్సులో వచ్చిన మనిషికి దక్కేది ఆరు సెకన్లు.

సభ్యుల జీతాలు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తాయి, ఎవరూ పట్టించుకోరు గానీ. కాలిఫోర్నియా సభ్యుడికి పూర్తి జీతం, ఆఫీసు, చదివి నోట్ రాసిపెట్టే సిబ్బంది ఉంటారు. న్యూహాంప్‌షైర్ హౌస్‌లో 400 మంది సభ్యులు, ఏడాదికి జీతం 100 డాలర్లు. అవును, ఏడాదికి. వాళ్లకు సొంత సిబ్బంది అంటూ ఉండరు. అలాంటి సభలో బిల్లు గురించి సభ్యుడికి తెలిసేదంతా దాదాపు హియరింగ్ గదిలోనే తెలుస్తుంది, కాబట్టి అక్కడ ఒక నర్సు వచ్చి చెప్పిన మాటకు శాక్రమెంటోలో కంటే చాలా ఎక్కువ బరువుంటుంది.

వినాలన్న రూలు లేదు

మొదటిసారి వెళ్లినవాళ్లకు అన్నిటికంటే కష్టం అనిపించేది ఒకటుంది. మాట్లాడుతుండగా ఎదురుగా ఉన్న సభ్యుడు ఫోను చూసుకుంటాడు, ఇంకొకరు లేచి వెళ్లిపోతారు. అవమానంలా ఉంటుంది. చాలాసార్లు కారణం మామూలుదే, ఆ సభ్యుడికి అదే టైముకు పక్క గదిలో ఇంకో కమిటీ ఉంటుంది, తన బిల్లు అక్కడ చెప్పుకోవాలి. అయినా చట్టప్రకారం చూస్తే, ఏ కారణం లేకుండా లేచి వెళ్లినా అడిగేవాడు లేడు.

దీని మీద అమెరికా సుప్రీంకోర్టు 1984లో ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. మిన్నెసోటా కాలేజీల అధ్యాపకులు కొందరు, యూనియన్ తరఫున వచ్చినవాళ్లతోనే ప్రభుత్వం మాట్లాడుతోంది, మా మాట వినట్లేదు అని కోర్టుకెక్కారు. మాట్లాడే హక్కు, విన్నవించుకునే హక్కు రాజ్యాంగంలోని మొదటి సవరణ ఇచ్చింది గానీ, విధానాలు చేసేవాళ్లు విని తీరాలని, జవాబు చెప్పి తీరాలని అందులో లేదు అని కోర్టు తేల్చింది. అంటే రాష్ట్ర సభల్లో ఈ మైకు ఉండడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు. సభలు తమ నిబంధనల్లో పెట్టుకున్న ఆనవాయితీ. పెట్టినవాళ్లు కుదించగలరు కూడా.

కుదింపు ఎలా ఉంటుందో టెక్సాస్ 2013 జూన్‌లో చూపించింది. అబార్షన్ మీద ఆంక్షలు పెట్టే బిల్లు ఒకటి ప్రత్యేక సమావేశాల్లో హౌస్ కమిటీ ముందుకు వచ్చినప్పుడు వందలమంది పేర్లు ఇచ్చారు. తెల్లవారుజాము దాకా సాగింది. చెప్పిందే చెబుతున్నారంటూ చైర్ మధ్యలోనే ముగించేశారు, చాలామందికి మైకు దొరకలేదు. కథ అక్కడితో ఆగలేదు. కొద్ది రోజులకే సెనేటర్ వెండీ డేవిస్ బిల్లును అడ్డుకోవడానికి సెనేట్‌లో దాదాపు 11 గంటలు నిలబడి మాట్లాడారు, అందులో చాలా భాగం ఆ రాత్రి మాట్లాడే అవకాశం రానివాళ్లు రాసుకున్న కాగితాలు చదవడానికే సరిపోయింది. కమిటీ గదిలో ఆగిపోయిన మాటలు సభలోకి అలా వచ్చాయి. ఆ బిల్లు ఆ రాత్రి ఆగింది. గవర్నర్ ఇంకో ప్రత్యేక సమావేశం పిలిచారు, జులైలో అదే విషయం మీద చట్టం వచ్చేసింది. అందులో కీలకమైన రెండు నిబంధనలను 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది. గెలిచిందెవరో చెప్పడం కష్టమైన కథ.

మరి మారేది ఏమిటి

కమిటీ మీటింగ్‌కు వచ్చేసరికే చాలామంది సభ్యుల ఓటు ఖాయమై ఉంటుంది. బిల్లును హియరింగ్‌కు పెట్టాలా వద్దా అన్నది చాలా రాష్ట్రాల్లో కమిటీ చైర్ ఇష్టం, హియరింగ్‌కు పెట్టారంటేనే కొంత మొగ్గు ఉన్నట్టు. అందుకే "మన వాళ్లు 200 మంది వెళ్తే బిల్లు ఆగిపోతుంది" అనే ఆశ తరచూ విరుగుతుంది. మారేది బిల్లులో రాసిన మాటలు.

దీనికి మంచి ఉదాహరణ టెక్సాస్‌లోనే 2023లో వచ్చిన ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 147. చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా దేశాల పౌరులు, సంస్థలు, ప్రభుత్వాలు టెక్సాస్‌లో భూమి కొనకుండా చేయడం దాని ఉద్దేశం. మొదట రాసిన తీరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కూడా ఇల్లు కొనుక్కోలేని పరిస్థితి. మార్చి మొదట్లో జరిగిన సెనేట్ హియరింగ్‌కు చైనా మూలాలున్నవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చారు, గంటలకొద్దీ మాట్లాడారు. బిల్లు పెట్టిన సెనేటర్ లోయిస్ కోల్కార్స్ట్ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చేలా బిల్లును మార్చారు. ఆ ఏడాది అది సెనేట్ దాటింది గానీ హౌస్‌లో ఆగిపోయింది. 2025లో మాత్రం అదే దారిలో ఎస్‌బీ 17 చట్టమైంది. హియరింగ్ వల్ల విధానం ఆగలేదు, దాని అంచులు మారాయి. గ్రీన్‌కార్డు చేతిలో ఉన్న కుటుంబానికి ఆ అంచే సర్వస్వం కావచ్చు.

తెలుగువాళ్ల ఇళ్లలో బాగా చర్చకు వచ్చిన బిల్లు కాలిఫోర్నియా ఎస్‌బీ 403. కులం ఆధారంగా వివక్ష చూపకూడదని చట్టంలో విడిగా రాయాలంటూ సెనేటర్ ఆయిషా వహాబ్ 2023లో పెట్టారు. హియరింగుల రోజు కాపిటల్ కారిడార్లలో రెండు వైపులా భారత మూలాలున్నవాళ్లే బారులు తీరారు. ఒకరు తమకు ఆఫీసుల్లో, అద్దె ఇళ్ల దగ్గర ఎదురైనవి చెబుతారు, ఇంకొకరు ఈ చట్టం వస్తే తమ సమాజం మొత్తాన్ని అనుమానంగా చూస్తారని అంటారు. ఎక్కువమందికి పేరు, ఊరు, సపోర్టో అపోజో చెప్పే టైము మాత్రమే. సెనేట్‌లో 34-1తో దాటింది. అసెంబ్లీ దశకు వచ్చేసరికి బిల్లు రూపం మారింది, కులాన్ని ప్రత్యేక వర్గంగా కాకుండా "వంశ మూలం" అన్న పదం కిందకు తెచ్చారు. రెండు సభలూ ఆమోదించాయి. అక్టోబర్ 7న గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశారు. వంశ మూలం మీద వివక్ష ఇప్పటికే నిషేధం కాబట్టి ఈ బిల్లు అవసరం లేదని ఆయన ఇచ్చిన కారణం.

ఇందులో గమనించాల్సిన మెలిక ఒకటుంది. బిల్లును సభల్లో దాటించడానికి చేసిన సవరణే, అంటే కులాన్ని పాత పదం కిందకు చేర్చడమే, "పాత చట్టం చాలు" అనే వాదనకు దారి తేలిక చేసింది. లైన్లో నిలబడ్డ వందలమందిలో ఎవరూ దీన్ని కోరుకుని ఉండరు. హియరింగ్‌లో పడ్డ ఒత్తిడి ఏ దిక్కున తేలుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. చివరి సంతకం దగ్గర మైకు ఉండదు కూడా.

కాలిఫోర్నియాలోనే ఇంకో చోటు ఉంది, అక్కడా మైకు ఉండదు. ఖర్చు ఎక్కువయ్యే బిల్లులన్నీ ఖర్చుల లెక్క చూసే అప్రోప్రియేషన్స్ కమిటీలో "సస్పెన్స్ ఫైల్" అనే కట్టలోకి వెళ్తాయి. ఒక రోజు కూర్చుని వందల బిల్లుల పేర్లు గబగబా చదువుతూ ఏది ముందుకు, ఏది ఆగిందో చెప్పేస్తారు. చర్చ లేదు, సాక్షులు లేరు. ఎంతో బాగా మాట్లాడి, విషయాన్ని పరిశీలించే పాలసీ కమిటీలో గెలిపించుకున్న బిల్లు నిశ్శబ్దంగా పోయేది చాలాసార్లు ఇక్కడే.

బటన్ నొక్కడం, కథ చెప్పడం

వేలమంది "కాన్" నొక్కితే ఏమవుతుంది? లెక్క ఒకటి వస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో వివాదమున్న బిల్లులకు ఈ లెక్క వేలల్లోకి పోతుంది, ఎదుటి పక్షం ఆ అంకెను సభలో పైకెత్తి చూపిస్తుంది, పత్రికలు రాస్తాయి. అంతకుమించి దాని పని తక్కువ. ఒకే మెసేజ్ కాపీ చేసి పంపిన ఈమెయిళ్లనైతే సిబ్బంది చూడగానే గుర్తుపడతారు, ఒక కట్టగా లెక్కేసి పక్కన పెడతారు.

కమిటీ దగ్గర లేనిది వేరే. ఫలానా లైన్ ఫలానా మనిషికి ఎలా తగులుతుందన్న సమాచారం వాళ్ల దగ్గర ఉండదు. డాక్టర్ల లైసెన్సు బిల్లు అనుకుందాం. గుంటూరులో ఎంబీబీఎస్, పదేళ్ల ప్రాక్టీసు ఉండి, అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) సీటు రాక ల్యాబులో పనిచేస్తున్న మనిషి వచ్చి "బిల్లులో రాసిన ఈ గడువు ప్రకారం నాలాంటివాళ్లెవరూ అర్హులు కారు, ఎందుకంటే చివరి ఐదేళ్లు ప్రాక్టీసులో ఉండాలని పెట్టారు" అని చెబితే, ఆ ఒక్క వాక్యం బిల్లు రాసినవాళ్లకు పని పెడుతుంది. "వలస డాక్టర్లు దేశానికి ఎంతో సేవ చేస్తున్నారు" అనే ఉపన్యాసం పెట్టదు. బిల్లు నంబరు, ఊరు, అనుకూలమో వ్యతిరేకమో మొదటి వాక్యంలోనే చెప్పేయడం, తర్వాత ఒక్క సంగతి, చివర్లో ఏ పదం మార్చాలో ఆ పదం. రెండు నిమిషాల్లో పట్టేది ఇంతే, మూడు నిమిషాలని రాసుకెళ్తే చైర్ ఆ రోజు లైను చూసి ఒక నిమిషం చేసే అవకాశమూ ఎప్పుడూ ఉంటుంది.

లైను క్రమంలో కూడా కొంత కిటుకు ఉంది. పిలిచి తెచ్చిన నిపుణులు, ప్రభుత్వ శాఖలవాళ్లు, చైర్‌కు ముఖపరిచయం ఉన్న లాబీయిస్టులు ముందు మాట్లాడడం చాలా కమిటీల్లో మామూలు. మామూలు జనం వంతు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. అందుకే అనుభవం ఉన్నవాళ్లు హియరింగ్‌కు వారం ముందే తమ నియోజకవర్గ సభ్యుడి ఆఫీసుకు వెళ్లి సిబ్బందితో ఒక పావుగంట కూర్చుంటారు. రాసిన కాగితం అక్కడ ఇచ్చేస్తారు. మైకు దగ్గర చెప్పేది అప్పటికే ఒకరు చదివి ఉంటారు.

వీసా, పేరు, రికార్డు

మాట్లాడడానికి పౌరసత్వం ఉండాలని సాధారణంగా అడగరు. ఓటు హక్కు వేరు, విన్నవించుకోవడం వేరు. జీతం తీసుకోకుండా సొంత అభిప్రాయం చెప్పేవాళ్లను సాధారణంగా లాబీయిస్టుగా కూడా లెక్కించరు. అయితే ఇక్కడ దాపరికం ఉండదనేది గుర్తుంచుకోవాల్సిన విషయం. పేరు రికార్డులోకి వెళ్తుంది, వీడియో ఆన్‌లైన్‌లో ఏళ్ల తరబడి ఉంటుంది, రాసి ఇచ్చిన కాగితం ఎవరైనా చదవొచ్చు. కంపెనీ పేరు చెబితే కంపెనీ తరఫున మాట్లాడినట్టు అర్థం అవుతుంది కాబట్టి "ఇది నా సొంత మాట" అని ముందే చెప్పడం అలవాటు. వీసా మీద ఉన్నవాళ్ల భయం చట్టంలో ఉన్న నిషేధం గురించి కాదు, తమ పేరు గూగుల్‌లో కనబడడం గురించి. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. రాసి పంపడం, లేదా పౌరసత్వం ఉన్న బంధువు మాట్లాడడం చాలామంది ఎంచుకునే మధ్యేమార్గం.

టేబుల్‌కు అవతలి వైపు కూడా తెలుగు నేల నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ సభలో డెలిగేట్‌గా (దిగువ సభ సభ్యురాలిగా) ఏళ్లపాటు ఇలాంటి హియరింగుల్లో కూర్చున్నారు, తర్వాత ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు.

మన దగ్గర ఈ మైకు ఎక్కడుంది

అమరావతిలోనో హైదరాబాద్‌లోనో అసెంబ్లీలో బిల్లు పెట్టినప్పుడు రైతు ఒకరు వెళ్లి కమిటీ ముందు మాట్లాడిన సందర్భం చెప్పమంటే ఎవరైనా ఆలోచించాల్సిందే. నిబంధనల్లో సెలెక్ట్ కమిటీ అనే ఏర్పాటు ఉంది, అది నిపుణులనూ ప్రభావితమయ్యేవాళ్లనూ పిలిచి వినొచ్చు. కాకపోతే బిల్లులు అక్కడికి వెళ్లడమే అరుదు. చట్టసభల పనితీరును అధ్యయనం చేసే పీఆర్ఎస్ సంస్థ లెక్క ప్రకారం 2023లో దేశంలోని రాష్ట్ర సభలు ఆమోదించిన బిల్లుల్లో 44 శాతం పెట్టిన రోజో మరుసటి రోజో పాసయ్యాయి. ఒక్క రోజులో పాసయ్యే బిల్లు మీద హియరింగ్ ఎక్కడ పెడతారు?

దాని ఫలితం ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం విషయంలో కనబడింది. 2022 నాటి చట్టం 2023 అక్టోబర్ చివర్లో అమల్లోకి వచ్చింది. ఊళ్లలో అరుగుల మీద దాని గురించి అసలు చర్చ జోరందుకున్నది 2024 ఎన్నికల వేళ. మా పొలం కాగితాలు ఏమవుతాయి అన్న ప్రశ్న ప్రచార సభల్లో, లారీల మీద మైకుల్లో వినబడింది. కొత్త ప్రభుత్వం జులైలో దాన్ని రద్దు చేసింది. చట్టం మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెడితే, కమిటీ గదిలో అడగాల్సిన ప్రశ్నలన్నీ ఎన్నికల్లో అడగాల్సి వచ్చింది. తెలంగాణలో భూ రికార్డుల చట్టం భూభారతి విషయంలో కొంచెం వేరుగా జరిగింది. ముసాయిదాను 2024 ఆగస్టులో ఆన్‌లైన్‌లో పెట్టి సలహాలు అడిగారు, డిసెంబర్‌లో బిల్లు పాసయింది. అది కూడా అధికారులు నడిపిన ప్రక్రియే, ఎమ్మెల్యేల ముందు జరిగింది కాదు.

మైకు నిజంగా ఉన్న చోట్లు వేరే ఉన్నాయి. ఫ్యాక్టరీకో గనికో పర్యావరణ అనుమతి కావాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 30 రోజుల ముందు నోటీసు, కలెక్టర్ లేదా ఆయన తరఫు అధికారి అధ్యక్షత, వీడియో రికార్డింగ్, చివర్లో స్థానిక భాషలో మినిట్స్ చదివి వినిపించడం. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, చుట్టూ పోలీసులు, మైకు కోసం తోపులాట, ఇదంతా తెలుగు పల్లెలకు బాగా తెలిసిన దృశ్యం. టెక్సాస్ కమిటీ గది కంటే గోల ఎక్కువ, కానీ మనిషికి రెండు నిమిషాలే అని లైట్లు పెట్టినవాళ్లు ఎవరూ లేరు.

ఇంకొకటి కరెంటు చార్జీల విచారణ. 2003 విద్యుత్ చట్టం ప్రకారం చార్జీలు ఖరారు చేసే ముందు జనం అభ్యంతరాలు, సలహాలు కమిషన్ పరిశీలించాలి. రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లూ దీనికి బహిరంగ విచారణ పెడతాయి. రైతు సంఘాలవాళ్లు, చిన్న పరిశ్రమలవాళ్లు, రిటైరైన ఇంజినీర్లు కాగితాల కట్టలతో వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఎన్ని రోజులకు మార్చారో తేదీలతో సహా చదువుతారు. ఆ తర్వాత వచ్చే టారిఫ్ ఉత్తర్వులో అభ్యంతరం ఇది, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) జవాబు ఇది, కమిషన్ అభిప్రాయం ఇది అని వరసగా అచ్చవుతుంది. అభ్యంతరం ఒప్పుకున్నా, తోసేసినా ఎందుకో ఒక వాక్యం అక్కడ ఉంటుంది. ఒలింపియాలో "కాన్" నొక్కినవాళ్లకు ఆ వాక్యం రాదు.